నాన్న కారుకు చిన్న స్పీకర్లు

మా తమ్ముడు శ్రీను మొన్న విశాఖపట్నం నుంచి తన కొత్త కారులో ఖరగ్‌పూర్‌లో నా దగ్గరికి వచ్చాడు. కారుతో పాటు వచ్చిన స్పీకర్లు వాడికి నచ్చలేదట. పాట పాడినట్టు లేదు, ఎవరో పక్కగదిలో కసురుకున్నట్టుందని వచ్చిన దగ్గర్నుంచి విసుక్కుంటున్నాడు. ఇక్కడే ఖరిదా పేటలో వాడితో చదువుకున్న ఒకతను కార్ల స్పీకర్ల షాపు నడుపుతున్నాడు. అక్కడ మార్పించుకుంటానని నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. బడి నుంచి రిటైరయ్యాక నాకు మధ్యాహ్నాలు పెద్దగా పనుండదు కాబట్టి వెళ్ళి కూర్చున్నాను. ఆ షాపతను తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, రేకుకి నల్లటి బంకషీట్లు అంటించి, కొత్త స్పీకర్లు బిగించాడు. అంతా అయ్యాక మమ్మల్నిద్దర్నీ ముందు సీట్లలో కూర్చోబెట్టి, తన ఫోన్ నుంచి ఒక కూత వినిపిస్తానన్నాడు. మొదట లావుగా ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది, వినపడటం ఆగిపోయిన చోట చెయ్యెత్తండి అన్నాడు. నా చెయ్యి ముందు లేచింది. కాసేపాగి శ్రీను చెయ్యి లేచింది. ఆ తర్వాత కూడా కూత ఇంకా వస్తూనే ఉందనీ, వయసుతో పాటు సన్నటి స్వరాలు అందరికీ పోతాయనీ షాపతను చెప్పాడు. శ్రీను నా వైపు తిరిగి, “నాన్న అయితే మొదట్లోనే ఎత్తేసేవోడు కాదేటక్కా?” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికి వచ్చే దారిలో మాత్రం వాడు కొత్త స్పీకర్లలో పాట పెట్టలేదు, నేను పెట్టమనలేదు. నాన్న గురించే మాట్లాడుకుంటూ వచ్చాం.

నాన్న గూడ్సు బళ్ళ డ్రైవరు. ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరు ఎర్ర ఇటుకల వరసలో చివరిది. వెనక చిన్న వరండా, వరండాలో అమ్మ వంట. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్కుషాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఇక్కడే పుట్టాడు. అమ్మ నాన్నకు మేనమామ కూతురు. పెళ్ళయ్యాక కూడా ఆవిడ నాన్నని బావా అనే పిలిచేది. మా ఇంటికి గోడ గడియారం ఉన్నా లెక్కలోది కాదు. నాన్న ఎప్పుడు డ్యూటీకి వెళితే అది పొద్దు, ఎప్పుడు వచ్చి పడుకుంటే అది రాత్రి. షెడ్డు నుంచి కాల్‌మేన్ సైకిలు మీద పుస్తకం పట్టుకు వచ్చి, ఫలానా బండికి నువ్వు వెళ్ళాలని చెప్పి సంతకం తీసుకునేవాడు. ఆ క్షణం నుంచి అమ్మ చేతులు వేరేగా కదిలేవి. నాన్న డ్యూటీ మీద తీసుకువెళ్ళే ఇనప పెట్టెని మేం లైనుబాక్సు అనేవాళ్ళం. దాన్లో బట్టలు, టార్చిలైటు, జెండాలు ఒక పక్క, వంట సామాను ఒక పక్క. అమ్మ అన్నం, ఆవపెట్టిన అరటికాయ కూర, ఎండు చేపల వేపుడు గిన్నెల్లో సర్ది, మూతల చుట్టూ గుడ్డ బిగించి కట్టేది. నాన్న తిరిగొచ్చి ఆ పెట్టె మూత తీస్తే డీజిలు, బీడీ పొగ, పుల్లబడిన మెతుకులు కలిసిన వాసన వచ్చేది. పక్కింటి బెంగాలీ వాళ్ళ ఆవనూనె పోపు దానికి తోడయ్యేది. నాకు అయిదారేళ్ళప్పుడు నాన్న అంటే ఆ వాసనే అనుకునేదాన్ని.

నాన్న గొంతు చాలా పెద్దది. ఉప్పు అడిగినా వీధిలోకి వినపడేది. సాయంత్రం రేడియోలో వార్తలు పెడితే మా వరసంతా వినవచ్చు. మాకు అది వింత కాదు. మా వరసలో డ్రైవర్లందరూ అలాగే మాట్లాడేవారు. ఇంజిను మీద పని చేసినవాళ్ళ గొంతు అంతేనని పిల్లలం నేర్చుకున్నాం. ఇద్దరు డ్రైవర్లు ఎదురుపడి కుశలం అడుక్కుంటుంటే కొత్తవాళ్ళు తగువనుకుని ఆగి చూసేవారు. అందువల్ల మా ఇంట్లో ఏం జరుగుతోందో చాలాకాలం మాకు తెలియలేదు. కుక్కరు కూత వేస్తుంటే ఎదురుగా కూర్చున్న నాన్న లేచి వెళ్ళకపోవడం, నేను వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం, అమ్మ చెప్పింది సగం విని సరే అనేయడం, ఇవన్నీ అలసట కింద జమ కట్టాం. ఇంజిను గురించైతే ఆయన చెవి గొప్ప చెవి అని షెడ్డులో చెప్పుకునేవారు. ఏ చక్రం దగ్గర బేరింగు పాడైందో కాలికింద ఇనుము అదురు చూసి చెప్పేవాడట.

నేను కాలేజీలో చేరిన ఏడాది నాన్న కారు కొన్నాడు. మా వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు రిటైరయ్యి పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన పాత అంబాసిడర్ని నాన్నకి చవగ్గా అమ్మేశాడు. వేసవిలో టెక్కలి దగ్గర మా మేనత్త కూతురి పెళ్ళి ఉంది. రైల్వే పాసు ఉన్నా ఈసారి రైల్లో వెళ్ళేది లేదనీ, మనమందరం కారులోనే వెళతామనీ నాన్న ప్రకటించాడు. అమ్మ ఆ మాటకు నవ్వింది.

“బతుకంతా రైలు నడిపి, సుట్టాలింటికి రోడ్డు మీద ఎల్తావేటి బావా?”

“రైలు నడిపినోడికే రోడ్డు విలవ తెలుస్తాది. పట్టాలు ఎటెల్తే అటెల్లాల. ఇక్కడైతే నాకు నచ్చిన కాడ ఆపుతాను, నచ్చిన కాడ తిప్పుతాను.”

“మరి దారంతా నీ గోలే ఇనాలా?”

“పాటలు పెట్టిద్దారిలే,” అన్నాడు నాన్న. కారులో టేప్‌రికార్డరు పెట్టించాలన్న ఆలోచన అలా పుట్టింది.

గోల్‌బజార్‌లో బట్టల దుకాణాల వెనక సందులో తపన్ దా, అంటే తపన్ అన్న, షాపు ఉండేది. నలభై దాటిన మనిషి, పలచటి జుట్టు, లాల్చీ జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు. ఆయనకు తెలుగు బాగా వచ్చు, అదీ మా తెలుగే. కొనుక్కునేవాళ్ళలో సగం మంది మావాళ్ళే కదా. షాపు గోడకి ఒక ప్లైవుడ్ పలక నిలబెట్టి దాని నిండా స్పీకర్లు బిగించి ఉంచాడు. గుండ్రటివి, కోడిగుడ్డు ఆకారంలో పెద్దవి, సీసా మూతంత చిన్నవి. కింద మీటలుండేవి. ఏది నొక్కితే ఆ స్పీకరు పలుకుతుంది. నాన్న డ్యూటీ లేని రోజుల్లో అక్కడికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇంజిను తీసుకునే ముందు డ్రైవరు చుట్టూ తిరిగి చూసినట్టు ఒక్కొక్క టేపు సెట్టునీ తిప్పి, బరువు చూసి, స్క్రూలు లెక్కపెట్టి పక్కన పెట్టేవాడు. శ్రీనుకి లైట్లు ఎగిరిపడే ఈక్వలైజర్ ఉన్న సెట్టు కావాలి. నాకు క్యాసెట్టు తీసి తిప్పి పెట్టే పని లేకుండా తనంతట తనే రెండో వైపు పాడేది కావాలి. అమ్మని అడిగితే, ఆపడం తేలిగ్గా ఉండేది ఏదైనా సరే అంది. చివరికి నాన్న నేను అడిగిన రకమే తీసుకున్నాడు. స్పీకర్ల దగ్గర మాత్రం పట్టుబట్టాడు. వెనక అద్దం కింద పలక మీద పెద్ద కోడిగుడ్డువి రెండు ఉండాల్సిందే. ముందు వైపు డాష్‌బోర్డు రెండు మూలలా చిన్నవి, ట్వీటర్లు, పెడితేనే సంగీతం నిండుగా ఉంటుందని తపన్ దా చెప్పాడు. పెద్దవి మృదంగాన్ని పలుకుతాయి, చిన్నవి గజ్జెల్ని, తాళాల్ని, గాలిని పలుకుతాయని వివరించాడు. గాలి దేనికి, కిటికీ తీస్తే వస్తాది కదా అన్నాడు నాన్న. అయినా పెట్టమన్నాడు.

బిగించే రోజు ఆదివారం. మేం నలుగురం వెళ్ళాం. పెళ్ళికి బట్టలు కూడా అక్కడే కొనాలని అమ్మ వచ్చింది. తపన్ దా కారుని షాపు ముందు నీడలో పెట్టించి, మొదట బ్యాటరీ తీగ ఊడదీశాడు. డాష్‌బోర్డు కింద ఇనప పట్టీ వేసి టేపు సెట్టుని వేలాడదీశాడు. వెనక పలకకి రంపంతో రెండు కన్నాలు కోశాడు. ఆ రంపపు పొట్టూ, వేడెక్కిన సోల్డరు వాసనా నాకు ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. ఎదురుగా మిఠాయి కొట్టులో జిలేబీ వేస్తుంటే ఆ నెయ్యి వాసన కూడా వచ్చి కలిసింది. తీగలు తివాచీ కింద నుంచి లాగి, ఎర్ర తీగకి ఫ్యూజు పెట్టి, నల్ల తీగని బాడీకి బిగించాడు. ఇంజిను వేసి పాట పెట్టగానే నాన్న చెయ్యెత్తి ఆపాడు.

“ఇంజిను కూడా పాడతన్నాది తపన్ దా. అడుగున బుయ్‌మని ఇనిపిస్తన్నాది.”

తపన్ దా తలూపి, ఎర్తు తీగ విప్పి, రేకు మీద రంగు గీకి మళ్ళీ బిగించి, ఒక కండెన్సరు అదనంగా వేశాడు. ఆ మోత పోయింది. మాలో ఎవరికీ అది వినపడనే లేదు. నాన్న చెవి గొప్పదన్న మాట నిజమేనని నేను గర్వంగా అనుకున్నాను.

తర్వాత ట్వీటర్లు. తపన్ దా తన దగ్గరున్న ఒక క్యాసెట్టు పెట్టాడు. ఎవరో ఊరి పాటగాడు ఏకతార మీటుతూ పాడుతుంటే, పక్కన ఇంకెవరో చిరుతాళాలు వాయిస్తున్నారు. బాస్ తగ్గించి, ముందు వెనకల మీట పూర్తిగా ముందుకి తిప్పాడు. వెనక స్పీకర్లు ఆగిపోయాయి. తాళాలు మాత్రం డాష్‌బోర్డు మూలల నుంచి, వాన చినుకులు రేకు మీద పడ్డట్టు, స్పష్టంగా వస్తున్నాయి. శ్రీను వెనక సీట్లో తొడ మీద దరువేస్తున్నాడు.

“ఆగిపోనాది,” అన్నాడు నాన్న.

“ఆగలేదు దాదా. వస్తన్నాది,” అన్నాడు తపన్ దా.

“ఎక్కడ వస్తన్నాది? పాటే నేదు. ఈ సిన్నవి పలకడం నేదు. మార్చు.”

తపన్ దా లోపలికి వెళ్ళి ఇంకో జత తెచ్చి, తీగలు మార్చి తగిలించాడు. మళ్ళీ అవే తాళాలు. ఈసారి ఇంకొంచెం పదునుగా. నాన్న డ్రైవరు సీట్లో ముందుకి వంగి, ఒక చెవి మూలకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. ఆయన ముఖంలో తప్పు పట్టుకోబోయే మనిషి శ్రద్ధ ఉంది.

“ఇవీ సచ్చినాయే,” అన్నాడు. “మంచి సరుకు ఎట్టుకోవేటయ్యా షాపులో?”

నేను నోరు తెరిచాను. నాన్నా, వినపడుతోంది కదా అనబోయాను. కిటికీ పక్కన నిలబడ్డ అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది. తపన్ దా నాన్న వైపు కాక అమ్మ వైపు చూశాడు. శ్రీను దరువు ఆపేశాడు. తపన్ దాతో సహా అందరికీ తాళాలు వినపడుతున్నాయి, ఒక్క నాన్నకి తప్ప. నాన్న మా ముఖాలు ఒకటొకటిగా చూశాడు. సిగ్నళ్ళు చూసి బతికిన మనిషి, ముఖాలు చదవడం ఆయనకు కష్టం కాదు. కారు దిగి, రుమాలుతో చేతులు తుడుచుకుని, “సరే, అలగే ఉంచీ. ఇంటికెల్దాం,” అన్నాడు. ఆ రోజు బట్టలు కొనలేదు.

ఇంటికి వచ్చాం. అమ్మ పొయ్యి వెలిగించి చింతపండు పిసుకుతూ కూర్చుంది. నాన్న వరండా మెట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. నేను గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయనకి ఎదురుగా వచ్చి, ఆయన కళ్ళు తన నోటి మీద పడేలా కూర్చుని అమ్మ మాట మొదలుపెట్టింది. అలా ఎదురుగా వచ్చి మాట్లాడటం ఆవిడకి ఎప్పటి నుంచో అలవాటని నాకు అప్పుడే తట్టింది.

“నాకు మునుపే తెలుసు బావా.”

“ఏటి తెలుసు?”

“నీకు సెవులు సరిగ్గా ఇనపడట్నేదని. ఎనకనుంచి పిలిస్తే పలకవు. పూజకాడ గంట వాయించినా తల తిప్పవు. నువ్వే సెప్తావని సూసినాను.”

నాన్న బీడీ మెట్టు మీద నలిపేశాడు. “సెప్తే ఏటవుతాది? ఇంజిను దింపేస్తారు. ఏ బల్ల కాడో కూకోబెట్టి పంకా కింద కాయితాలు సర్దమంటారు. నాను డ్రైవర్ని. నాకు కళ్ళున్నాయి. సిగ్నలు కళ్ళతో సూస్తాను, సెవులతో కాదు.”

“అయితే నాకెందుకు దాసినావు?”

గొంతు పెంచి, ఆడవాళ్ళు ఇంజిను విషయాల్లో వేలు పెట్టకూడదన్నాడు. అన్నం తినకుండా లేచి వెళ్ళి ముసుగు పెట్టి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కాల్‌మేన్ వచ్చాడు. టాటానగర్ వైపు వెళ్ళే గూడ్సు. గుమ్మం బయట సైకిలు ఆనించి పుస్తకం తెరిచాడు. నాన్న చొక్కా తొడుక్కుంటూ, పెట్టె సర్దమని అమ్మకి చెప్పాడు. అమ్మ ఎప్పటిలాగే సర్దింది. అన్నం గిన్నె, కూర గిన్నె, గుడ్డ కట్టు. మూత వేసి గొళ్ళెం పెట్టింది. పెట్టి, ఆ పెట్టె మీద కూర్చుంది. కాలు మీద కాలు వేసుకోలేదు, ఏడవలేదు. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్న మనిషిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“లేవే రవణా. బండి టైమవుతాది.”

“లేవను.”

“కాల్‌మేన్ బయటున్నాడు. పరువు తియ్యకు.”

“ఇనపడదని ఆసుపత్రికి ఎల్లి నువ్వే సెప్తానంటే లేస్తాను. నేకపోతే నన్ను దాటుకుని ఎల్లు. నాను అడ్డం రాను, కూకునే ఉంటాను.”

నాన్న ముఖం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకి వేశాడు. అమ్మ కదల్లేదు. ఆయన ముఖంలోకే చూస్తూ, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతూ అడిగింది.

“యార్డులో ఎవడో బళ్ళ మధ్య దూరి కప్లింగు ఏస్తంటాడు. ఆగమని ఈల ఏస్తాడు. అది నీకు ఇనపడకపోతే ఆడేటవుతాడు బావా?”

నాన్న అడుగు అక్కడే ఆగిపోయింది. ఆయన అంత నిశ్చలంగా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. చొక్కాకి గుండీలు సగమే పెట్టి ఉన్నాయి. మిగతా సగం పెట్టుకోకుండా గుమ్మంలోకి వెళ్ళి, “సిక్ రాసుకో. ఈ బండికి ఇంకొకడిని పిలుచుకో,” అన్నాడు కాల్‌మేన్‌తో. జ్వరమా అని అతను అడిగాడు. “జ్వరం కాదు. సెవులు,” అన్నాడు నాన్న. నాన్న ఆ మాట బయటివాడితో చెప్పడం అదే మొదలు. అతను వెళ్ళిపోయాక కూడా అమ్మ పెట్టె మీద నుంచి వెంటనే లేవలేదు. సైకిలు వీధి మలుపు తిరిగాక లేచి, పెట్టెలోని గిన్నెలు తీసి నాన్నకి అన్నం పెట్టింది.

రైల్వే ఆసుపత్రిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్షించారు. ఇంజినులో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ఇలా అవుతుందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవచ్చనీ చెప్పారు. లావు శబ్దాలు ఆయనకి చక్కగా వినపడుతున్నాయి. పోయినవి సన్నటివి. ఈలలు, గంటలు, ఆడపిల్లల గొంతులు. ఎదుటివాళ్ళ మాటల్లో సకారాలు షకారాలు ఎందుకు కలిసిపోతున్నాయో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఇంజిను డ్యూటీకి పనికిరాడని రాసి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ నాన్న కన్నీళ్ళు పెట్టుకోలేదు. టార్చిలైటు, జెండాలు పెట్టెలోంచి తీసి తుడిచి, షెడ్డులో అప్పజెప్పడానికి మూట కట్టాడు. మూట మాత్రం మూడు నాలుగు సార్లు విప్పి కట్టాడు.

ఆ వారంలోనే మండల్ వచ్చాడు. ఆయన నాన్నతో చాలాకాలం అసిస్టెంటుగా ఇంజిను మీద తిరిగిన బెంగాలీ. చేతిలో సందేశ్ మిఠాయి పొట్లం. నాన్న అప్పటికే బజారుకి వెళ్ళి ఉన్నాడు. మండల్ గుమ్మంలోనే చెప్పులు విడిచి, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వదినా అనడానికి బౌదీ అంటూ, హిందీ బెంగాలీ తెలుగు కలిపి ఇలా అన్నాడు: “బౌదీ, నాకు తెలుసు. సిగ్నలు గట్టిగా చెప్పినా దాదాకి అందేది కాదు. అందుకని చేత్తో చూపించేవాడిని. ఒకసారి యార్డులో పాయింట్స్‌మన్ బళ్ళ మధ్య దూరి కప్లింగు వేస్తూ, ఆగమని ఈల వేశాడు. దాదా వినలేదు, బండి వెనక్కి తోస్తున్నాడు. నేను మీద పడి బ్రేకు లాగాను. మనిషికి ఏమీ కాలేదు. చొక్కా చిరిగింది, అంతే. దాదా కింద కూర్చుండిపోయాడు. ఎవరికీ చెప్పొద్దని ఆయన అడగలేదు. నేనే చెప్పలేదు.”

అమ్మ ఊరికే భయంతో ఊహించి అడిగిన మాట, నాన్నకి జరిగిపోయిన సంగతి. ఆ అడుగు ఎందుకు ఆగిందో మాకు అప్పుడు తెలిసింది. మండల్ లేచి వెళుతూ, “ఇప్పుడు రాత్రిళ్ళు నాకు నిద్ర పడుతోంది బౌదీ,” అన్నాడు. అమ్మ ఆ సంగతి నాన్న దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. మమ్మల్ని ఎత్తనివ్వలేదు.

నాన్నకి రన్నింగ్ రూములో పని ఇచ్చారు. బయటి ఊళ్ళ నుంచి బళ్ళు తెచ్చిన డ్రైవర్లు, గార్డులు తిని పడుకునే చోటు అది. మంచాలు, దుప్పట్లు, వంట, ఎవరిని ఎప్పుడు లేపాలన్న సంగతి అన్నీ ఆయన చూసుకోవాలి. అక్కడ అన్నిటికంటే ముఖ్యమైంది నిశ్శబ్దం. ఊరంతటికీ వినపడే గొంతున్న మనిషికి ఆ ఉద్యోగం దొరికింది. మొదటి రోజుల్లో ఆయన గుసగుసలాడుతున్నాననుకుని అరిస్తే నిద్రలో ఉన్నవాళ్ళు లేచి కూర్చునేవారట. తర్వాత మాట మానేసి భుజం తట్టి లేపడం, చేత్తో చెప్పడం నేర్చుకున్నాడు. ఆ ఏడాదంతా ఇంట్లో ముభావంగానే ఉన్నాడు. దూరాన గూడ్సు కదిలితే తినడం ఆపి, అది ఎంత బరువుతో వెళుతోందో కాలికింద నేలతో అంచనా కట్టేవాడు. ఇంట్లోకి వచ్చే జీతం తగ్గింది. అమ్మ దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ మీద పడ్డ మాట వేరే ఉంది. సూర్నారాయణ డ్రైవర్ని పెళ్ళాం ఇంజిను దింపేసిందని కాలనీ అంతా చెప్పుకున్నారు. కుళాయి దగ్గర కొందరు ఆడవాళ్ళు అమ్మ వస్తే మాట ఆపేసేవారు. వాళ్ళ ఇళ్ళలోనూ పెద్ద గొంతుల మనుషులు ఉన్నారు, ఆ భయం వాళ్ళది. ఒకావిడ మాత్రం చాలాకాలానికి చీకటి పడే వేళ వెనక వరండాలోకి వచ్చి, మీ ఆయన్ని ఏ డాక్టరుకి చూపించారు అని మెల్లగా అడిగి వెళ్ళింది.

ఆ వేసవిలో టెక్కలి పెళ్ళికి కారులోనే వెళ్ళాం. ఆ తాళాల క్యాసెట్టు తపన్ దా మాకే ఇచ్చేశాడు. నాన్న నడుపుతున్నంతసేపూ టేపులో సన్నటి స్వరాల మీట చివరంటా తిప్పి ఉండాలి, అప్పుడు కొంచెం అందేది ఆయనకి. మాకు అది చెవుల్లో సూదులు పెట్టినట్టుండేది. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, చిరునవ్వుతో కూర్చుంది. బాలాసోరు దాటాక నాన్న ఒక చోట రోడ్డు పక్కన కారు ఆపాడు. ఎందుకన్నాం. ఊరికే, నచ్చింది, ఆపాను అన్నాడు. మేమందరం దిగి చెరుకు రసం తాగాం.

ఇప్పుడు శ్రీను కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసుకుని, వాళ్ళ చెవులకి తగినట్టు స్వరాలు సర్దుకునే ఏర్పాటు ఉందని షాపతను చెప్పాడు. ఇంజిన్లలో డ్రైవర్ల గదులకి ఏసీలు వస్తున్నాయి. శబ్దం లోపలికి రాకుండా కట్టుదిట్టాలు చేస్తున్నారు. మా శ్రీను కూడా రైల్వేలోనే చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. చెవుల పరీక్షకి వెళ్ళి రావడం వాడికి గడ్డం గీయించుకున్నంత మామూలు పని. ఆ రోజుల్లో చెవి పోవడం ఒక పరువు తక్కువ పని. అది దాచడం మగతనం, కనిపెట్టి ఊరుకోవడం కాపురం. మా అమ్మానాన్నలు ఇద్దరూ ఒకే సంగతిని ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఒకే కంచం దగ్గర కూర్చున్నారు. అప్పటి మనుషులు ఇప్పటివాళ్ళకన్నా గట్టివాళ్ళని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. వాళ్ళకి ఆ గట్టిదనం అవసరం లేకుండా ఉండాల్సింది, అంతే.

నాన్న రిటైరయిన సాయంత్రం రన్నింగ్ రూము ముందు షామియానా వేసి సన్మానం చేశారు. మేమందరం వెళ్ళాం. దండలు వేశారు, గొడుగు ఇచ్చారు. ఒక పాత డ్రైవరు మైకు పట్టుకుని, సరదాకే, ఈయన ఇంకా ఇంజిను మీద ఉండవలసిన మనిషే గానీ ఇంటావిడ దింపేసింది అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వినట్టే ముఖం పెట్టి, కొంగు సర్దుకుంది. నాన్నకి మాట అందలేదు. నవ్వులు కనపడ్డాయి. ఏమన్నాడని నన్ను అడిగాడు. నేను చెవి దగ్గర నోరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి వెళ్ళి మైకు తీసుకున్నాడు. ఆయనకి మైకు అక్కర్లేదన్నది వేరే సంగతి.

“మా రవణ కూకున్నాది,” అన్నాడు. “అంతే. దిగినోణ్ణి నానే. నా కాళ్ళతో నాను దిగినాను. దిగమని అడిగే మనిషి ఇంట్లో ఉన్నాది కాబట్టి దిగగలిగినాను. మీ ఇళ్ళల్లో కూడా ఉంటాది. ఆవిడ కూకునేదాకా సూడకండి.”

చప్పట్లు మండల్ ముందు మొదలుపెట్టాడు.

తిరిగి వస్తుంటే నాన్నే కారు నడిపాడు. దండలు వెనక సీట్లో మా ఒళ్ళో ఉన్నాయి. అమ్మ ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుని దారి చూస్తోంది. ఓవర్‌బ్రిడ్జి దాటుతుండగా, ఆయన వైపు తిరగకుండానే, “ఈ ముక్క ఎప్పుడో ఒకసారి ఇంట్లో అనుంటే నాకు బాగుండేది బావా,” అంది మెల్లగా.

నాన్న ఆవిడ పెదవులు కదలడం చూశాడు. “ఏటన్నావు?”

అమ్మ గాలి రాకుండా కిటికీ అద్దం ఎక్కించింది.

“ఏటీ నేదు. బాగా సెప్పినావు. ఎదర సూసి నడుపు,” అంది, ఈసారి ఆయన వైపు తిరిగి.